నర్సు ఉద్యోగానికి ఊరు మారేముందు ఒక లెక్క

పోయిన వేసవిలో బరంపురంలో మా వీధివారే ఒకాయన రెండు కాగితాలు పట్టుకొని మా ఇంటికి వచ్చారు. వారి అమ్మాయి నాలుగేళ్ల బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తిచేసింది. ఒక కాగితం మన ఊరి ప్రైవేటు ఆసుపత్రిది, నెలకు రూ. 16,000. రెండోది బెంగుళూరులోని పెద్ద ఆసుపత్రిది, రూ. 27,000. "అన్నయ్యా, నెలకు పదకొండు వేలు తేడా. ఇంక ఆలోచించేదేముంది?" అన్నారు.

ముప్పై అయిదేళ్లు బ్యాంకు కౌంటరులో కూర్చున్నవాణ్ణి. జీతం పడిన వారానికే ఖాతా ఖాళీ అయ్యేవారిని ఎందరినో చూశాను. అందుకే "ఎంత వస్తుందో కాదు, నెలాఖరుకి ఎంత మిగులుతుందో చూద్దాం" అని తెల్లకాగితం తీశాను. అంకెలు ఆ ఇంటివి. మీరు మీ అంకెలు వేసి చూసుకోండి.

1. కాగితం మీది జీతం, చేతికొచ్చే జీతం

బెంగుళూరు వారి 27,000 'సి.టి.సి.'. అంటే ఆసుపత్రి తన వంతుగా కట్టే ప్రావిడెంట్ ఫండు 1,800 కూడా అందులోదే. అది తీసేస్తే 25,200. అందులోంచి అమ్మాయి వంతు పి.ఎఫ్. 1,800 (మూలవేతనం 15,000 మీద 12 శాతం), వృత్తిపన్ను 200 పోగా చేతికొచ్చేది 23,200.

మన ఊరి 16,000లో యాజమాన్యం వంతు కలపలేదు. మూలవేతనం 10,000 మీద పి.ఎఫ్. 1,200, ఇ.ఎస్.ఐ. 0.75 శాతం చొప్పున 120, వృత్తిపన్ను 125 పోగా 14,555. పదకొండు వేల తేడా ఇక్కడే 8,645కి దిగింది.

పి.ఎఫ్. పోయిన సొమ్ము కాదు, అమ్మాయి పేరనే ఉంటుంది. కాని నెల గడవడానికి అక్కరకు రాదు. ఇంకో సంగతి: జీతం 21,000 దాటితే ఇ.ఎస్.ఐ. వైద్యం వర్తించదు. ఆరోగ్య బీమా మనమే చూసుకోవాలి.

2. నెల ఖర్చు

బెంగుళూరులో ఇద్దరు పంచుకొనే పి.జి. గది, భోజనంతో 9,000. బస్సులకు 1,500. డ్యూటీలో టీ, టిఫిను 2,000. ఫోను, సబ్బులు, బట్టలు 1,500. బీమా 600. ఏడాదికి రెండుసార్లు ఇంటికి వచ్చిపోవడానికి నెలకు 500 చొప్పున పక్కన పెట్టాలి. మొత్తం 15,100. మిగిలేది 8,100.

"కర్ణాటకలో ఆడవారికి బస్సు ఉచితం కదా" అన్నారాయన. 2023 జూన్‌లో మొదలైన ఆ శక్తి పథకం కర్ణాటక నివాసులకే. ఒడిశా చిరునామా కార్డుతో కుదరదు.

మన ఊళ్లో అమ్మాయి ఇంట్లోనే ఉంటుంది. బస్సు, టిఫిను ఖర్చు 1,500 పోగా మిగిలేది 13,055. తక్కువ జీతం దగ్గరే దాదాపు అయిదు వేలు ఎక్కువ మిగులుతోంది!

పైగా చదువు అప్పు మూడు లక్షలు ఉంది. 10 శాతం వడ్డీకి ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 4,980 కట్టాలి. అది పోగా ఇక్కడ 8,075, అక్కడ 3,120.

3. ఒక్క ప్రశ్నతో మారిన లెక్క

తండ్రిగారు మాట్లాడలేదు. అమ్మాయి మాత్రం "పెద్దనాన్నా, వాళ్లకి హాస్టల్ ఉందేమో అడగనా?" అంది. ఫోను చేస్తే ఉందన్నారు. ఆసుపత్రి ఆవరణలోనే, మెస్సుతో కలిపి 4,500. గదిలో 4,500 తగ్గింది, బస్సు 1,500 తప్పింది. మిగిలేది 14,100. ఇప్పుడు బెంగుళూరే మెరుగు.

కాని హాస్టల్ మొదటి ఏడాదికే. బాండు చూస్తే రెండేళ్లు! రెండో ఏడాది జీతం పెరక్కపోతే మళ్లీ 8,100కే దిగి, వదిలి రాలేని పరిస్థితి. పైగా ఒరిజినల్ సర్టిఫికెట్లు అప్పగించమన్నారు. ఒరిజినల్స్ చూపించండి, ఎవరి దగ్గరా ఉంచకండి, ధ్రువీకరించిన నకళ్లు ఇవ్వండి అని చెప్పాను. బాండు కాలమంతా హాస్టల్ ఇస్తామని, నకళ్లు చాలునని వారిచేత కాగితం మీద రాయించుకున్నాకే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ కొన్నారు.

4. జీతం అడగడానికి కొలబద్దలు

పెద్ద నగరంలో బతుకు ఖరీదని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఏడో వేతన సంఘం ప్రకారం కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ నర్సు ఆరంభ మూలవేతనం 44,900. ఇంటద్దె భత్యం 2024 జనవరి నుంచి బెంగుళూరు, చెన్నై, ముంబయి, హైదరాబాదు వంటి నగరాల్లో 30 శాతం, చిన్న ఊళ్లలో 10 శాతం అయింది. ఆ మూలవేతనం మీద ఈ ఒక్క తేడాయే 8,980.

ప్రైవేటు నర్సుల జీతాలపై సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఉత్తర్వు మేరకు కేంద్రం వేసిన కమిటీ, 50 పడకలలోపు ఆసుపత్రిలో కూడా 20,000కు తగ్గరాదని, 200 పడకలు దాటితే రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని సిఫార్సు చేసింది. ఇవి సిఫార్సులే, అన్నిచోట్లా అమలు కాలేదు. అయినా అడిగేవారికి ఒక ఆధారం.

5. కాగితం మీద రానిది

పెద్ద ఆసుపత్రి ఐ.సి.యు.లో రెండేళ్ల అనుభవం రేపు మరోచోట మంచి జీతానికి మెట్టు అవుతుంది. అలాగే ఇంట్లో జబ్బు మనిషి ఉంటే పిల్ల దగ్గరుండడమూ విలువైనదే. ఈ రెండూ ఏ ఇంటివారు ఆ ఇంటివారే తూచుకోవాలి.

చేరేముందు అయిదు ప్రశ్నలు తప్పక అడగండి: చేతికొచ్చేదెంత? హాస్టల్ ఎన్నాళ్లు? బాండు ఎన్నాళ్లు, మధ్యలో మానితే ఎంత కట్టాలి? రాత్రి డ్యూటీకి, అదనపు గంటలకు ఏమిస్తారు? ఆ రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదు ఖర్చు ఎవరిది? జవాబులు కాగితం మీద తీసుకోండి. మొదటి జీతం నెల తిరిగాకే వస్తుంది కనుక కనీసం ఒక నెల ఖర్చు, గది అడ్వాన్సు చేతిలో ఉంచుకొని బయలుదేరండి.