ఇసుక మేట కింద మడి

2025 ఆగస్టు 27, వినాయక చవితి. మంటపాల్లో గణపతిని ఇంకా నిలబెట్టకముందే మెదక్ జిల్లా హవేళిఘనపూర్ మండలం మీద కుండపోత మొదలైంది. పోచారం ప్రాజెక్టు అలుగు మీంచి నీళ్లు దుంకుతుంటే కట్ట ఆగుతుందా అని కింది ఊళ్లన్నీ హడలిపోయాయి. నిజాం కాలం నాటి ఆ కట్ట ఆగింది. రాజ్‌పేట వైపు రోడ్లే ఆగలేదు.

అలాంటి వరద తీశాక పొలంలో దిగితే గట్టేదో మడేదో తెలియదు. అడుగు వేస్తే మడమ దాకా ఇసుక. చేత్తో తోడితే అడుగున నాటు పసుపురంగుకు తిరిగి, పట్టుకుంటే వేరుతో సహా ఊడివస్తుంది. వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈఓ) వచ్చి సర్వే నంబరు రాసుకుంటారు. అసలు లెక్క అక్కడి నుంచే.

సాయం రావాలంటే పంట కనీసం 33 శాతం పోవాలి. 2015 దాకా సగం పోతేనే సాయం. ఆ ఏడాది కేంద్రం తగ్గించింది. 2022–26 నిబంధనల ప్రకారం విపత్తు నిధి నుంచి నీటి వసతి ఉన్న పైరుకు హెక్టారుకు రూ.17,000, అంటే ఎకరాకు ఏడు వేల లోపే. మెట్ట పైరుకు అందులో సగం. అదీ రెండు హెక్టార్ల వరకే. మేట తీయడానికి హెక్టారుకు రూ.18,000 వేరే ఉంది గానీ, ఇసుక మూడంగుళాలు దాటాలి. రెండున్నర అంగుళాల ఇసుకలో వరి ఎలా పండుతుందో ఈ రూలు రాసినవారు ఒక్కసారి నాటి చూపిస్తే బాగుండు.

కేంద్రం లెక్క చాలదని రాష్ట్రానికీ తెలుసు. 2023 వడగళ్ల వానకు, 2024 వరదలకు ఎకరాకు రూ.10,000 ప్రకటించింది. మంచిదే. కానీ అది ప్రకటన, హక్కు కాదు. ఫసల్ బీమా నుంచి తెలంగాణ 2020లో తప్పుకున్నాక, వాన పడ్డప్పుడల్లా ముఖ్యమంత్రి ఏమంటారోనని చూడటం రైతుకు అలవాటైంది. ఆ పైసలైనా పాసుపుస్తకం ఉన్నవారి ఖాతాకే తేలిగ్గా చేరతాయి. విత్తనం, దున్నకం, నాటు కూలీ అన్నీ పెట్టుకున్న కౌలు రైతు పట్టాదారు ఇంటి ముందు నిలబడాల్సిందే. కౌలుదారుకూ సాయం దక్కాలని 2011లోనే చట్టం వచ్చింది, రుణార్హత కార్డులూ వచ్చాయి. కాగితం మీద.

నల్గొండ బత్తాయి తోటలది మరో గోస. వరి పోతే యాసంగి ఉంది. బత్తాయి చెట్టు పోతే మళ్లీ కాపుకు నాలుగైదేళ్లు. పైగా పాదుల్లో నీళ్లు నిలిచిన చెట్టు వెంటనే చావదు. వేరుకుళ్లు, బంకకారు పట్టి నెలల తర్వాత కొమ్మ కొమ్మ ఎండుతుంది. అప్పటికి సర్వే బృందం ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. ఇలాంటి తోటలకు ఆ 2022–26 నిబంధనల్లో కేంద్రం లెక్క హెక్టారుకు రూ.22,500, ఎకరాకు తొమ్మిది వేల చిల్లర. చెట్టు వయసు ఆ లెక్కలో లేదు.

తోటల్లో ఆరు నెలలకు రెండో సర్వే చేయడానికి పెద్ద ఖర్చేం కాదు. సాగు చేసిన మనిషి పేరు పొలం దగ్గరే రాసుకోవడానికి అంతకన్నా తక్కువ. ఇక మేటల సంగతి తొందరది: యాసంగి నాట్లు పడేలోపు ఇసుక ఎత్తాలి, జేసీబీకి గంటల లెక్కన కిరాయి కట్టాలి. మేట తీయడానికిచ్చే సాయం పైసలు నాట్లు అయిపోయాక ఖాతాలో పడితే మడికి ఒరిగేదేం లేదు, మధ్యలో అప్పిచ్చినవాడికి వడ్డీ కడతాయి.