కొయ్య ఉబ్బితే గురి తప్పుతుంది

యుద్ధాలలో వాడిన తుపాకులకు పౌర ప్రతిరూపాలను సమకూర్చుకోవడం అమెరికాలో కొందరు చరిత్రాభిమానులకు ప్రియమైన వ్యాసంగం. వారిని విశేషంగా ఆకర్షించే వాటిలో ఒకటి ఎం-40. వియత్నాం యుద్ధంలో దూరాన పొంచి ఉండి గురి చూసి కాల్చే మెరైన్ సైనికులకు, అనగా స్నైపర్లకు, ఇచ్చిన తుపాకి ఇది.

దీని పుట్టుక సైన్యంలో జరగలేదు. రెమింగ్టన్ సంస్థ 1962లో వేటగాళ్ల కోసం 700 అనే నమూనాను విడుదల చేసింది. ప్రతి గుండుకూ చేతితో బోల్టును లాగి నెట్టవలసిన తుపాకి అది. కొద్ది మార్పులతో దానినే 1966లో మెరైన్ దళం స్వీకరించింది. అక్రోటు కొయ్యతో చేసిన స్టాక్, మూడు నుండి తొమ్మిది రెట్లు పెద్దదిగా చూపే ఆకుపచ్చని రెడ్‌ఫీల్డ్ దుర్భిణి దాని గుర్తులు. కనుక వేట తుపాకి నుండి ప్రతిరూపాన్ని రూపొందించడం కష్టం కాదనిపిస్తుంది. చిక్కంతా ఆ కొయ్యలోనే ఉన్నది.

వానాకాలంలో మన ఊళ్లలో తలుపులు బిగుసుకుపోవడం అందరికీ అనుభవమే. కొయ్యలోని నారపోగులు తేమను పీల్చి ఉబ్బుతాయి. ఈ ఉబ్బు పోగుల పొడవునా బహుస్వల్పం, అడ్డంగా అధికం. అందువలన కొయ్య వంకర తిరుగుతుంది. వియత్నాం తేమలో ఎం-40 స్టాకుకు పట్టిన గతి ఇదే.

తుపాకి పేలినప్పుడు ఉక్కు గొట్టం సన్నగా కంపిస్తుంది. ఆ కంపనం ప్రతిసారీ ఒకే తీరుగా ఉంటేనే గుండ్లు ఒకే చోట తగులుతాయి. వంగిన కొయ్య గొట్టానికి ఆనితే ఆ తీరు మారిపోతుంది. డిగ్రీలో అరవయ్యవ వంతు తేడా 100 గజాల వద్ద సుమారు ఒక అంగుళం, 600 గజాల వద్ద ఆరు అంగుళాలకు పైగా అవుతుంది.

అందుకే 1970 దశకంలో వచ్చిన ఎం-40ఎ1కు తేమకు లొంగని ఫైబర్‌గ్లాస్ స్టాకును అమర్చారు. తొలి తుపాకులలో అత్యధికం ఈ కొత్త రూపంలోకి మారిపోవడంతో అసలైనవి అరుదైనాయి. ప్రతిరూపాలకు ఇంత ఆదరణ కలగడానికి అదొక కారణం. కొయ్యను ఎంచుకున్నవారికి చరిత్ర దక్కుతుంది, దానితోపాటు ఆనాటి లోపమూ సంక్రమిస్తుంది. ఫైబర్‌గ్లాసును ఎంచుకుంటే గురి నిలకడగా ఉంటుంది, తొలి రూపం మాత్రం దక్కదు. పోలిక ఎంత చక్కగా కుదిరినా దానిని అసలైనదిగా చెప్పి విక్రయించడం మోసమే.

ప్రతిరూపమనే మాట విని దానిని బొమ్మగా భావించరాదు. అది నిజమైన గుండును పేల్చే తుపాకి. లైసెన్సు ఉన్న వర్తకుని వద్ద తుపాకి కొనేవారి పూర్వచరిత్రను పరిశీలించాలని ఫెడరల్ చట్టం విధిస్తున్నది. తక్కిన నిబంధనలు రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. పిల్లలున్న ఇంట దానిని గుండ్లు తీసివేసి తాళం వేసిన పెట్టెలో ఉంచాలి. గుండ్లను వేరొక చోట, వేరొక తాళం క్రింద భద్రపరచాలి. గోడకు అలంకారంగా వ్రేలాడదీయడం ఎంతమాత్రం తగదు.