భారం లాగే బండికి రెండు టర్బోలు అవసరమా?

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో 70వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి డెన్వర్ నగరం దాటి పడమటికి సాగి రాకీ పర్వతాలను ఎక్కుతుంది. ఆ దారిలో, సముద్రమట్టానికి సుమారు 3,400 మీటర్ల ఎత్తున, 1973లో ప్రారంభమైన ఐజన్‌హోవర్ సొరంగం ఉంది. గుర్రాలను, పడవలను, ఇల్లువంటి ట్రైలర్లను వెనుక తగిలించుకొని వచ్చే డీజిల్ పికప్ ట్రక్కులకు ఈ ఎక్కుడు ఒక గట్టి పరీక్ష. వేగం తగ్గుతుంది, వేడి పెరుగుతుంది, వెనుకనుంచి వచ్చే వాహనాలు దాటిపోతూ ఉంటాయి. అటువంటి సమయంలో యజమాని మనసులో ఒక కోరిక మెదలుతుంది: "ఇంజనుకు ఇంకొక టర్బో తగిలిస్తే?"

ఆ కోరిక తీర్చుకోవడానికి వేలకొద్దీ డాలర్లు ఖర్చవుతాయి. పొరపాటున ఇంజను దెబ్బ తింటే నష్టం అంతకు మించుతుంది. కావున ముందుగా విషయం తెలుసుకోవడం మంచిది.

గాలిని కుక్కే యంత్రం

డీజిల్ ఇంజను శక్తి చమురులో ఉన్నా, ఆ చమురు మండడానికి గాలి కావాలి. వృథాగా బయటికి పోయే పొగ వేగంతో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీద ఉన్న మరొక చక్రంతో గాలిని ఇంజనులోకి కుక్కడమే టర్బోచార్జరు చేసే పని. ఈ చక్రాలు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగలవు. స్విట్జర్లాండుకు చెందిన ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషి 1905లోనే ఈ ఊహకు పేటెంటు పొందాడు. గాలి పలుచబడే ఎత్తులలో ఇది ఎంత ఉపయోగమో 1918లో శాన్‌ఫర్డ్ మాస్ నిరూపించాడు. అతడు విమానపు ఇంజనును ఇదే కొలరాడోలోని పైక్స్ పీక్ శిఖరానికి తీసుకొనిపోయి అక్కడ పరీక్షించాడు.

పికప్ ట్రక్కులలో ఈ పద్ధతికి పెద్ద పేరు తెచ్చినది 1989 మోడల్ డాడ్జ్ ట్రక్కులో అమర్చిన 5.9 లీటర్ల కమిన్స్ ఇంజను. అప్పుడు దాని శక్తి 160 అశ్వశక్తి మాత్రమే. 2004 నాటికి అది 325కు చేరింది. ఈ కుటుంబపు ఇంజన్లు మనకూ పరాయివి కావు. 1993లో ఏర్పడిన టాటా కమిన్స్ సంస్థ జంషెడ్‌పూర్‌లో వీటిని తయారుచేసి మన లారీలకు అందించింది.

కూడిక కాదు, హెచ్చవేత

రెండు టర్బోలను అమర్చే పద్ధతులు రెండు. ఒకటి, సమానమైన రెండింటిని పక్కపక్కన పెట్టి ఇంజనులో చెరి సగానికి పని చేయించడం. రెండవది, ఒకదాని వెనుక ఒకటి పెట్టడం. భారం లాగే ఆరు సిలిండర్ల బండ్ల విషయంలో యజమానులు మాట్లాడుకునేది ఈ రెండవ పద్ధతి గురించే. ఇందులో పెద్ద టర్బో గాలిని కొంత నొక్కి చిన్న టర్బోకు అందిస్తుంది. చిన్నది దానిని మరింత నొక్కి ఇంజనుకు పంపుతుంది. తక్కువ చుట్ల దగ్గర చిన్నది వెంటనే అందుకుంటుంది. ఎక్కువ శక్తి కావలసినప్పుడు పెద్దది తోడు వస్తుంది.

ఇక్కడి కిటుకు హెచ్చవేతలో ఉంది. ఒక్కొక్కటి గాలి పీడనాన్ని రెండు రెట్లు చేస్తే, రెండూ కలిసి నాలుగు రెట్లు చేస్తాయి. ఒకే టర్బోతో నాలుగు రెట్లు దాటించబోతే దాని సామర్థ్యం పడిపోతుంది. గాలి నొక్కబడడం కంటె వేడెక్కడమే ఎక్కువవుతుంది.

ఎత్తైన ప్రదేశాలలో ఈ లెక్క మరీ ముఖ్యం. ఐజన్‌హోవర్ సొరంగం దగ్గర గాలి పీడనం సముద్రమట్టం వద్ద ఉండేదానిలో సుమారు మూడింట రెండు వంతులు. ఇంజనులో సముద్రమట్టపు పీడనానికి మూడు రెట్లు నిలపాలంటే, మైదానంలో టర్బో గాలిని మూడు రెట్లు నొక్కితే చాలు. సొరంగం దగ్గర నాలుగున్నర రెట్లు నొక్కాలి. జంట టర్బోలను సమర్థించేవారి వాదనలో నిజమైన బలం ఇదే.

కొండ అడిగేది ఎంత?

అయినా మరొక లెక్క మిగిలి ఉంది. ట్రక్కు, ట్రైలరు కలిపి 9 టన్నులనుకుందాం. నూరు మీటర్లకు ఆరు మీటర్లు లేచే దారిలో గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే, ఆ బరువును పైకి లేపడానికే సుమారు 160 అశ్వశక్తి కావాలి. టైర్ల రాపిడికి, ఎదురుగాలికి మరొక 60. గేర్లలో పోయేది కూడా కలుపుకుంటే ఇంజను ఇవ్వవలసినది సుమారు 260. అదే దారిలో 100 కిలోమీటర్ల వేగం కావాలంటే సుమారు 350 అవసరమవుతుంది.

అంటే 2004 నాటి ఇంజను కంపెనీ ఇచ్చిన రూపంలోనే మొదటి పని చేయగలదు. ఇంజెక్టర్లు, కంప్యూటరు లెక్కలు కొద్దిగా మార్చి 400 వరకు తెచ్చిన బండి రెండవదీ చేయగలదు. ఇక వేగం పెంచి సాధించేదేమిటి? పది కిలోమీటర్ల ఎక్కుడులో 80కి బదులు 100తో పోతే కలిసివచ్చే సమయం ఒకటిన్నర నిమిషం!

ఫోర్డు కంపెనీ అనుభవం కూడా గమనింపదగినది. 2008 మోడల్‌లో వచ్చిన 6.4 లీటర్ల ఇంజనుకు వరుసగా రెండు టర్బోలు పెట్టి 350 అశ్వశక్తి ఇచ్చారు. 2011లో వచ్చిన 6.7 లీటర్ల ఇంజనుకు ఒకే టర్బో. శక్తి మాత్రం 390. టర్బోల సంఖ్యనుబట్టి శక్తిని అంచనా వేయరాదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

నిజమైన శత్రువు వేడి

చమురు పెంచి గాలి పెంచకపోతే నల్లని పొగ వస్తుంది, వేడి పెరుగుతుంది. పొగ గొట్టపు మొదట్లో అమర్చే పైరోమీటరు ఆ వేడిని చూపుతుంది. ఎక్కువసేపు భారం లాగేటప్పుడు అది 680 నుంచి 700 సెంటిగ్రేడు డిగ్రీలు దాటకుండా చూడాలని అనుభవజ్ఞులు చెబుతారు. పిస్టన్లు అల్యూమినియం మిశ్రమంతో చేసినవి. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీల వద్దనే కరుగుతుంది. అడుగునుంచి నూనె చల్లబరచడంవల్లనే పిస్టన్లు బ్రతికి ఉంటాయి.

ముల్లు హద్దు దాటుతున్నదంటే మొదట చూడవలసినవి చౌకవే: మూసుకుపోయిన గాలి ఫిల్టరు, ఇంటర్‌కూలరు గొట్టాలలో గాలి కారడం, తప్పుడు గేరు. ఒక గేరు తగ్గిస్తే ఇంజను చుట్లు పెరిగి గాలి పెరుగుతుంది, వేడి దిగుతుంది. అప్పటికీ దిగకపోతే కొంచెం పెద్దదైన, బండికి తగిన ఒకే టర్బోను గురించి ఆలోచించాలి. మరీ పెద్దది పెడితే తక్కువ చుట్ల దగ్గర అది ఆలస్యంగా మేల్కొంటుంది. భారంతో కదలవలసిన బండికి అది పనికిరాదు.

ఎవరికి తగును?

ఇంజను శక్తి 400 అశ్వశక్తి పరిసరాలలో ఉండి, ఎక్కువగా మైదానంలో తిరిగే బండికి జంట టర్బోలు అనవసరం. 500 ఆపైన కావాలనుకొని, బరువైన ట్రైలర్లతో ఎత్తైన కనుమలను తరచుగా దాటేవారికి అవి నిజంగా ఉపకరిస్తాయి. ఒకే శక్తి వద్ద వేడి తక్కువగా ఉంటుంది, పొగ తగ్గుతుంది. కాని అంత శక్తికి క్లచ్చి లేదా ఆటోమాటిక్ గేర్‌బాక్సు తట్టుకోవాలి. పెరిగిన పీడనానికి సిలిండర్ హెడ్ బోల్టులు, గాస్కెట్టు నిలవాలి. గొట్టాలు, అతుకులు, నూనె పైపులు రెట్టింపయి, మరమ్మతు కష్టమవుతుంది. పొగను నియంత్రించే పరికరాలను తొలగించడం అమెరికా చట్టప్రకారం నేరమన్నది మరువరాదు.

అన్నిటికన్న ముఖ్యమైనది ఇంకొకటి. టర్బో ఎన్ని పెట్టినా కంపెనీ నిర్ణయించిన బరువు పరిమితి పెరగదు. ఆ పరిమితి ఇంజనుకే కాదు, ఇరుసులకు, టైర్లకు, బ్రేకులకు, ట్రైలరు కొక్కేనికి సంబంధించినది. ఎక్కిన కొండ దిగక తప్పదు. దిగేటప్పుడు కాపాడేది ఎగ్జాస్ట్ బ్రేకు, మంచి ట్రైలరు బ్రేకులు. ఖర్చు పెట్టదలచినవారు ముందు అక్కడ పెట్టడం వివేకం.

డబ్బు చెల్లించేముందు ఒక పని చేయండి. పైరోమీటరు, బూస్టు గేజి అమర్చి, మీరు లాగే అత్యధిక భారంతో, మీ దారిలోని అతి కఠినమైన ఎక్కుడును, ఎండ బాగా ఉన్న రోజున ఎక్కి చూడండి. సరైన గేరులో ముల్లు హద్దులోపల నిలిచితే, మీ బండికి ఉన్న ఒక్క టర్బోయే చాలు.