కానుకకు ముందు ‘సమాధానం’

గోదావరిఖని: క్వార్టర్లలో నల్లా నీళ్ల దగ్గర మాటా మాటా పెరుగుతుంది. చేబదులు తిరిగి రాక స్నేహం చెడుతుంది. ఊళ్లో పొలం గట్టు కాడ అన్నదమ్ములే ఎడమొహం పెడమొహమవుతారు. పలకరింపులు మానుకున్న ఆ ఇద్దరూ ఆదివారం ఒకే చర్చిలో కూర్చుంటే?

దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) 1950లో రూపొందించుకున్న ప్రభు భోజన క్రమం ఇందుకు ఒక ఏర్పాటు చేసింది. కానుకలు పట్టకముందే ‘సమాధానం’ ఇచ్చిపుచ్చుకుంటారు. గురువు దగ్గర మొదలై అది చేతి నుంచి చేతికి వరుసలన్నిటికీ అందుతుంది. నలుగురి వాడుకలో సమాధానమంటే జవాబు. క్రైస్తవుల వాడుకలో శాంతి, సఖ్యత.

ముందు ఎవరు కదలాలి?

మత్తయి సువార్త 5వ అధ్యాయం ప్రకారం, తనపై ఎవరికైనా మనస్తాపం ఉన్నదని గుర్తుకు వచ్చినవాడు కానుకను అక్కడే విడిచి వెళ్లి సమాధానపడాలి. 18వ అధ్యాయంలో నష్టపోయినవాడే వెళ్లాలి, అదీ ఒంటరిగా, నలుగురిలో పరువు తీయకుండా. అంటే ‘వాడే రావాలి’ అని కూర్చునే వీలు ఇద్దరిలో ఎవరికీ లేదు.

28 ఏళ్ల ఓపిక

ఈ సంఘం పుట్టిందే సఖ్యత నుంచి. వేర్వేరు మిషన్ల సంఘాలను ఏకం చేయాలన్న చర్చలు 1919లో తరంగంబాడిలో మొదలైతే, 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో అవి ఫలించాయి. అందుకు పాటుపడిన దోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్య 1945లోనే కన్నుమూశారు.

క్షమ వేరు, చట్టం వేరు

1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో గ్రాహం స్టెయిన్స్‌ను, ఇద్దరు చిన్న కొడుకులను సజీవ దహనం చేశారు. హంతకులను క్షమించానని ఆయన భార్య గ్లాడిస్ ప్రకటించారు. అయినా కేసు ఆగలేదు. ప్రధాన నిందితునికి పడిన యావజ్జీవ శిక్షను 2011లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. పగ వదులుకోవడం ఆమె పని; శిక్ష విధించడం కోర్టు పని.

ఇళ్లలోనూ ఇదే వర్తిస్తుంది. తాగి కొట్టే భర్తను క్షమించమంటూ భార్య చేత దెబ్బలు దాచిపెట్టించడం సమాధానం కాదు. కొట్టినవాడు తాగుడూ, చేయి చేసుకోవడమూ మానాలి. అప్పు ఎగవేసినవాడు తీర్చే తేదీ చెప్పాలి. గట్టు జరిపినవాడు దాన్ని పాత చోట వేయాలి. అప్పుడే ఆదివారం చేయి చాచినదానికి అర్థం ఉంటుంది.