రంగులు అందరికీ కనపడాలి

చార్టు చేతికి రాగానే పన్నెండు స్కెచ్ పెన్నులూ వాడాలనిపిస్తుంది. కాని రంగులు ఎక్కువైతే ఏది ముఖ్యమో తెలియదు. ఒక చార్టుకు మూడు రంగులు చాలు. పసుపు, నారింజ, ఎరుపు చుట్టాల్లాంటివి, బాగా కలిసిపోతాయి. వాటి నడుమ ముదురు నీలం పెడితే ముందు అదే కనపడుతుంది. అందుకని దాన్ని శీర్షికకు వాడాలి.

అన్నిటికన్నా ముఖ్యం ముదురు, లేత తేడా. మన మార్కాపురం పలకనే చూడండి. నల్ల రాయి మీద తెల్ల బలపం. అక్షరం ఎంత బాగా తెలుస్తుందో! అదే తెల్ల చార్టు మీద పసుపు పెన్నుతో రాస్తే దగ్గరికి పోయినా కనపడదు. కళ్లు సగం మూసి చూడండి. అక్షరం చార్టులో కలిసిపోతే రంగు మార్చాలి.

ఎరుపు, ఆకుపచ్చతో ఇంకో చిక్కు ఉంది. కొంతమందికి పుట్టుకతోనే ఆ రెండిటికీ తేడా సరిగ్గా తెలియదు. దీన్ని వర్ణాంధత్వం అంటారు. ఇది మగవాళ్లలో ఎక్కువ, ఆడవాళ్లలో తక్కువ. ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ డాల్టన్ తనకే ఇది ఉందని 1794లో చెప్పాడు.

ఇది చార్టుల సంగతి మాత్రమే కాదు, తాగే నీళ్ల సంగతి కూడా. మన కనిగిరి, హనుమంతునిపాడు వైపు భూమి నీళ్లలో ఫ్లోరైడు ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగకూడదు. ఏళ్ల తరబడి తాగితే పళ్లకు గార పడుతుంది, ఎముకలు వంగిపోతాయి. ఫ్లోరైడు కంటికి కనపడదు, నాలుకకు తెలియదు. అందుకే బోరింగుకు రంగు వేసి చెప్పాలి. బంగ్లాదేశ్‌లో నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం ఉన్నందున, 2000 తర్వాత లక్షల బోరింగులు పరీక్షించి చెడ్డవాటికి ఎరుపు, మంచివాటికి ఆకుపచ్చ వేశారు. మంచి పనే. కాని ఆ రెండు రంగులకీ తేడా తెలియనివాళ్లు ఏం చెయ్యాలి?

మాయమ్మకు చదువు రాదు. 'తాగరాదు' అని రాస్తే ఆమెకు తెలియదు, ఎరుపు రంగు వేస్తే తెలుస్తుంది. రంగు తేడా తెలియనివాళ్లకు ఇంటూ గుర్తు ఉంటే తెలుస్తుంది. కాబట్టి చెడ్డ బోరింగుకు ఎరుపు వేసి, దానిమీద తెల్లగా పెద్ద ఇంటూ గుర్తు పెట్టి, కింద మాట కూడా రాయాలి. మంచిదానికి ఆకుపచ్చ బదులు నీలం వేస్తే ఇంకా మేలు.

మీరు కూడా చార్టు అతికించాక చిన్న తరగతుల పిల్లల్ని పది అడుగుల దూరంలో నిలబెట్టి చదవమనండి. వాళ్లు చదవలేకపోతే, ఎంత అందంగా ఉన్నా ఆ రంగులు మార్చండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని