గనుల వెదుకులాట – పక్షుల గూళ్లు

భూమి కడుపున ఏ ఖనిజమున్నదో తెలిసికొనుటకు ముందుగనే గని త్రవ్వరు. మొదట భూగర్భశాస్త్రజ్ఞులు సుత్తియు సంచియు చేతబట్టి కొండలు తిరిగి రాళ్లను పరీక్షింతురు. పిమ్మట పరికరములతో కొలతలు తీయుదురు. గుర్తు కుదిరిన తావున బోరు యంత్రమును నిలిపి, వజ్రపు పళ్లు గల గొట్టముతో నేలను తొలిచి, లోపలి రాతిని కడ్డీవలె పైకి తీయుదురు. ఆ రంధ్రము జానెడు వెడల్పైనను ఉండదు. ఇంత చిన్న పనివలన అడవికి కలుగు నష్టమేమని పలువురు అడుగుచుందురు.

నష్టము రంధ్రమువలన కాదు, దానిని చేరు త్రోవవలన. యంత్రము బరువైనది, దానివెంట నీటి బండి, నూనె పీపాలు, పనివారి గుడారములు రావలెను. ప్రతి రంధ్రముకడను కొంత నేలను చదును చేసి, బురదనీటికి గుంట త్రవ్వుదురు. ఒక రంధ్రముతో పని తీరదు గనుక త్రోవలు సాలెగూటివలె అల్లుకొనును. యంత్రము వెడలిపోయినను త్రోవ మిగులును. కలపదొంగకును వేటగానికిని అది రాచబాట.

నల్లమలను గూర్చి వినినవారికి ఈ తగవు క్రొత్త కాదు. తెలంగాణములోని అమ్రాబాదు పులుల అభయారణ్యమున సుమారు 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియము అన్వేషణమునకు 2019 మే నెలలో కేంద్ర అటవీ సలహా సంఘము సూత్రప్రాయముగా సమ్మతించినది. చెంచుపెంటలనుండియు పట్టణములనుండియు నిరసన లేచినది. ఆ సంవత్సరమే సెప్టెంబరులో రాష్ట్ర శాసనసభ నల్లమలలో యురేనియము త్రవ్వకము వలదని తీర్మానించినది. నాటి చర్చలో పులి పేరు మిక్కిలిగా వినబడినది; నేలపై గ్రుడ్లు పెట్టు పిట్టల మాట ఎవరును తలచినట్లు లేదు.

బోరు యంత్రమునకు ఎండకాలము అనుకూలము. వానలు పడినచో బండ్లు దిగబడును. కాని తీతువు గ్రుడ్లు పెట్టునదియు ఆ కాలమందే. చిన్న రాళ్ల నడుమ నేలమీదనే, సాధారణముగ నాలుగు గ్రుడ్లు. రంగు చూచిన గులకరాళ్లే యనిపించును. నాలుగు వారముల పాటు తల్లిదండ్రులు మార్చి మార్చి పొదుగును. నడి ఎండలో అవి రెక్కలతో నీడ పట్టును. పొట్ట యీకలను నీటిలో తడిపి తెచ్చి గ్రుడ్లను చల్లబరచును. మనుషుల అలికిడికి పక్షి లేచిపోయి చాలసేపు రాలేకపోయినచో, ఏ చక్రమును త్రొక్కకయే లోని పిల్ల ఎండకు చచ్చును. కౌజులు, పూరేళ్లు గడ్డిదుబ్బులలో గ్రుడ్లు పెట్టును.

అట్లైన ఎండకాలము విడిచిన చాలునా? చాలదు. నెమలి వానకారున పొదుగును. పెద్ద గుడ్లగూబ శీతకాలమున రాతి గట్ల అంచులపై గ్రుడ్లు పెట్టును. శాస్త్రజ్ఞుడు రాయి కొట్టుటకు ముందు వెదకునవియు ఆ గట్లే! గూళ్లు లేని మాసము అడవిలో లేదు. కావున నెలలు లెక్కించుట కంటె, యంత్రము కదలుటకు ముందు ఆ త్రోవను, ఆ చదునును పక్షులెరిగినవారు నడిచి చూచుట మేలని మా యభిప్రాయము. ఈ పనికి చెంచులను మించినవారు లేరు. తీతువు కూత అపశకునమని మనవారందురు. పనివారికి మాత్రము అది మంచి సూచన, గ్రుడ్లు దగ్గరనున్నవని చెప్పు కేక.

గూడు కనబడినచో దానిప్రక్క కఱ్ఱ పాతి గుడ్డ కట్టరాదు. కాకియు ముంగిసయు ఆ గుర్తును మనకంటె ముందు చదువును. దూరమున త్రోవకు రెండు వైపుల గుర్తులుంచి, పటమున వ్రాసికొని, పిల్లలు కదలిపోవువరకు పనిని మరియొక రంధ్రమునకు మార్చవలెను. రాత్రి దీపములను క్రిందికి వంచవలెను. వేసవిలో అడవి చెలమలలోని నీరు మృగములది. యంత్రమునకు నీరు బయటనుండి తేవలెను. పని ముగిసిన దినముననే రంధ్రము మూసి, గుంట పూడ్చి, త్రోవకు అడ్డముగ రాళ్లు దొర్లింపవలెను.

ఇది కేవలము దయకు సంబంధించిన మాట కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము అడవిపక్షుల గ్రుడ్లను పాడుచేయుటను, గూళ్లను కదలించుటను గూడ ‘వేట’ అను మాటలోనే చేర్చినది. 1980 నాటి అటవీ చట్టమును 2023లో సవరించి, అన్వేషణ పనులను కొన్ని నిబంధనలతో అటవీయేతర కార్యములనుండి మినహాయించు అధికారమును కేంద్రమునకు ఇచ్చిరి. ఆ మినహాయింపు వేట చట్టమును తాకదు.

ఎంత వెదకినను గూడు దొరకని పక్షి ఒకటి మన కడప సీమలో కలదు. అది కలివికోడి. 1848లో జెర్డన్ దొర దానిని లోకమునకు తెలిపెను. 1900 పిమ్మట కనబడక, నశించినదనుకొన్నది 1986 జనవరిలో మరల దొరకినది. దానికి నెలవైన శ్రీలంకమల్లేశ్వర ప్రాంతమున 2005లో కాలువ పనులకై యంత్రములు పొదలను పెకలించినవి. ఆక్షేపణలు రాగా కాలువ దారి మార్చబడినది. స్కాట్లండులోని అబర్డీను విశ్వవిద్యాలయమునందు ఒక గ్రుడ్డు ఆ పక్షిదేయని 2013లో తేలినది. దానిని సేకరించినవాడు కోలారు బంగారు గనుల ప్రాంతమున పనిచేసిన పశువైద్యుడు. ఇట్టి పక్షి తిరుగు తావున త్రోవ నడిచి గూళ్లు వెదకుట పనికిరాదు. అచ్చట రేగు పొదలను, తుమ్మ పొదలను, వాని నడుమనున్న వట్టి నేలను ఉన్నవున్నట్లు విడిచి, బోరు యంత్రము మరియొక చోటు చూచికొనవలసినదే.