దీపావళి నాడు కుక్క ఎందుకు వణుకుతుంది?

తెనాలి జంక్షన్ దగ్గర ఇళ్లలో పెరిగే కుక్కను ఎప్పుడైనా గమనించారా? విజయవాడ వెళ్లే రైలు కూత వేసినా, రేపల్లె బండి చప్పుడు చేస్తూ కదిలినా అది అరుగు మీద హాయిగా పడుకునే ఉంటుంది. అదే కుక్క దీపావళి నాడు వీధిలో ఒక్క టపాకాయ పేలిందంటే మంచం కిందికి దూరుతుంది. తోకను కాళ్ల మధ్యకు ముడుచుకుని వణుకుతుంది. పెట్టిన అన్నం ముట్టదు.

రైలు కూత చిన్న చప్పుడేమీ కాదు కదా! దానికి బెదరని కుక్క టపాకాయకు ఎందుకు బెదురుతుంది? ఆ బెదురు తీర్చే ఉపాయం ఉందా? ఈ రెండు ప్రశ్నలకూ శాస్త్రం జవాబు చెబుతుంది.

చప్పుడులో తేడా

మన చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు కంపనాలున్న ధ్వనులను వినగలదు. కుక్క సుమారు 45,000 కంపనాల వరకు వింటుంది. మనకు వినబడని సన్నని ధ్వనులు ఎన్నో దానికి వినబడతాయి. ఇక టపాకాయ సంగతి చూడండి. పేలిన చోటుకు 4 మీటర్ల దూరంలో దాని చప్పుడు 125 డెసిబెల్‌లు మించరాదని మన దేశంలో నియమం ఉంది. అంత చప్పుడుకు మన చెవులే గింగురుమంటాయి. ఇక కుక్క సంగతి చెప్పాలా?

అయితే అసలు కారణం చప్పుడు పెద్దది కావడం ఒక్కటే కాదు. రైలు దూరం నుంచి వస్తుంది. దాని చప్పుడు మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గుతుంది. అది రోజూ వస్తుంది, ఏ కీడూ చేయదు. కుక్క పిల్లగా ఉన్నప్పటి నుంచీ దాన్ని వింటూ ‘దీనివల్ల ప్రమాదం లేదు’ అని నేర్చుకుంటుంది. దీన్నే అలవాటుపడటం అంటారు. టపాకాయ అలా కాదు. చెప్పకుండా పేలుతుంది. ఎటునుంచి వస్తుందో తెలియదు. పైగా మెరుపు, పొగ, మందు వాసన! ఇలాంటి చప్పుడుకు అలవాటుపడకపోగా కొన్ని కుక్కలకు ఏటేటా బెదురు పెరుగుతుంది.

బెదిరిన కుక్క శరీరంలో

ప్రమాదం ఉందని మెదడు గ్రహించగానే మూత్రపిండాల పైన టోపీల్లా ఉండే అధివృక్క గ్రంథులు అడ్రినలిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది. కండరాలకు రక్తం ఎక్కువగా అందుతుంది. జీర్ణక్రియ మందగిస్తుంది. శరీరమంతా పారిపోవడానికో, పోట్లాడటానికో సిద్ధమవుతుంది. కాబట్టి కుక్క అన్నం ముట్టకపోవడం మొండితనం కాదు. పరీక్ష నాటి ఉదయం మీకు ఇడ్లీ గొంతు దిగకపోవడం కూడా ఇలాంటిదే!

పారిపోయే దారి లేని కుక్క కరుస్తుంది. పెంచిన యజమానినే కరవవచ్చు. అందుకే బెదురు గుర్తులు మనకు ముందుగా తెలియాలి. చెవులు వెనక్కు వాల్చడం, ఎండ లేకపోయినా రొప్పడం, నిద్ర రాకపోయినా ఆవులించడం, మాటిమాటికీ మూతి నాక్కోవడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం — ఇవన్నీ ‘నాకు భయంగా ఉంది, దగ్గరకు రావద్దు’ అని చెప్పడమే.

1924లో రెండు సంగతులు

జీర్ణక్రియ మీద పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమతి పొందిన రష్యా శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్ పేరు మీరు పాఠంలో చదివే ఉంటారు. ఆహారం పెట్టే ముందు ఒక ధ్వని వినిపిస్తూ వస్తే, కొంతకాలానికి ఆ ధ్వని వినగానే కుక్క నోట లాలాజలం ఊరుతుందని ఆయన చూపాడు. దీన్ని నిబంధన అంటాం.

1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్ నగరాన్ని వరద ముంచెత్తింది. నీరు పావ్‌లోవ్ కుక్కల బోనుల్లోకి వచ్చింది. కుక్కలు పైకప్పు దాకా తేలి, అతి కష్టం మీద బయటపడ్డాయి. తర్వాత చూస్తే కొన్ని కుక్కలు నేర్చుకున్నదంతా మరిచిపోయినట్లు ప్రవర్తించాయి. మళ్లీ కుదుటపడిన ఒక కుక్క, తలుపు కింద నుంచి కాసిని నీళ్లు గదిలోకి పారనిస్తే చాలు, గాబరా పడిపోయింది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గురించి రేపల్లె వైపు పెద్దలను అడగండి. గాలి హోరుమంటే ఉలిక్కిపడేవారు వారిలోనూ ఉండవచ్చు. భయం ఒక్క దెబ్బతో నేర్చుకునే పాఠం.

అదే 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే ఆమె మరో ప్రయోగ ఫలితాన్ని ప్రకటించింది. పీటర్ అనే చిన్న పిల్లవాడికి కుందేలంటే భయం. అతడు ఇష్టమైన తినుబండారం తింటున్నప్పుడు బోనులోని కుందేలును దూరంగా ఉంచేవారు. అతడు బెదరకపోతే ఇంకొంచెం దగ్గరకు తెచ్చేవారు. చివరకు పీటర్ కుందేలును నిమిరాడు. భయాన్ని నేర్చుకున్నట్లే దాన్ని పోగొట్టుకోవడమూ నేర్చుకోవచ్చన్నమాట. కానీ ఈ పాఠానికి ఓపిక కావాలి.

మీ కుక్కకు ఈ పాఠం

వినాయక చవితికి, దీపావళికి మధ్య సాధారణంగా ఎనిమిది వారాల వ్యవధి ఉంటుంది. పని అప్పుడే మొదలుపెట్టండి. టపాకాయల చప్పుడును ఫోనులో చాలా మెల్లగా, వినీ వినబడనట్లు వినిపించండి. వెంటనే ఉడికించిన కోడిమాంసమో, గుడ్డు ముక్కో పెట్టండి. ముందు చప్పుడు, తర్వాత తిండి — ఈ వరుస తప్పకూడదు. రోజుకు ఐదు నిమిషాలు చాలు. కుక్క నిశ్చింతగా ఉంటేనే మరునాడు చప్పుడు కాస్త పెంచండి. తినడం మానేసిందంటే మీరు తొందరపడ్డారన్నమాట, మళ్లీ వెనక్కు తగ్గండి. నిజం టపాకాయలు పేల్చి మాత్రం పరీక్షించకండి!

పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్లే ముందూ ఇదే పద్ధతి. ఇంటి దగ్గరే చెవులు, పాదాలు తాకి తిండి ముక్క పెట్టండి. మూతికి కట్టే చిక్కం లోపల తిండి పెట్టి, దానంతట అదే మూతి దూర్చేలా అలవాటు చేయండి. ఇలా నేర్చిన కుక్కకు టీకా వేయడం సులువు. రేబిస్ సోకి లక్షణాలు కనబడ్డాక మనిషి బ్రతకడం బహు అరుదు గనుక ఈ టీకా ఇంటిల్లిపాదికీ రక్షణ. ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బుతో, ధారగా పారే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పండుగ నాడు

చీకటి పడకముందే కుక్కను తిప్పి, తిండి పెట్టండి. లోపలి గదిలో ఉంచి కిటికీలు మూయండి. ఫ్యాను, రేడియో పెడితే వాటి చప్పుడులో బయటి చప్పుడు కొంత కలిసిపోతుంది. మంచం కింద దాక్కుంటే లాగవద్దు, అదే దాని కోట. వసారాలో గొలుసుతో కట్టివేయకండి, బెదిరి లాగితే మెడకు బిగుసుకుంటుంది. మీ దగ్గరకు వస్తే నిమరండి. నిమిరితే భయం అలవాటవుతుందనడం సరికాదు. తిట్టడం, కొట్టడం చేస్తే పాత భయానికి కొత్త భయం తోడవుతుంది.

బెదురు మరీ ఎక్కువైతే కొన్ని రోజులు ముందుగానే పశువైద్యుణ్ణి అడగండి. మనుషుల మాత్రలు ఎప్పుడూ వేయకండి. కొన్ని మందులు కుక్కను కదలకుండా చేస్తాయే గాని దాని భయం తీయవు. ఏది తగినదో వైద్యుడే చెప్పాలి.

ఇంటి కుక్కకు గది ఉంటుంది, వీధి కుక్కకు ఏముంది? దాని తోకకు టపాకాయలు కట్టడం వేడుక కాదు, క్రూరత్వం. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద అది నేరం కూడా.

మన తీరంలో దీపావళి వచ్చే కాలమే తుఫానుల కాలం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. ఇల్లు వదిలి వెళ్లవలసిన ఘడియ వస్తే బెదిరిన కుక్క చేతికి చిక్కదు. పట్టుకోబోయిన వారిని కరవవచ్చు కూడా. గొలుసు వెంట నింపాదిగా నడవడం, కొత్తవారి మధ్య కూర్చోవడం ముందే నేర్పితే అది మీ వెంట వస్తుంది. తీసుకువెళ్లే వీలు లేకపోతే కట్టు విప్పి వదలాలి. కట్టి ఉంచితే నీరు వచ్చినప్పుడు తప్పించుకునే దారి ఉండదు.

ఈ వారం ఒక పని చేయండి. నోటు పుస్తకంలో మూడు గడులు గీసి, మీ కుక్క ఏ చప్పుడుకు బెదిరింది, అది ఎంత దూరం నుంచి వచ్చింది, అప్పుడు తిండి తిన్నదా లేదా అని రాయండి. నెల తిరిగేసరికి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో ఆ పుస్తకమే మీకు చెబుతుంది.